అందరి దగ్గరా ఉన్న పేజీ

దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పుష్పలత లైబ్రరీ టీచరు. ఆమెకు కాగితమంటే నమ్మకం లేదు. ఉండదు మరి! వానాకాలం వస్తే చాలు, బీరువాల్లో సగం పుస్తకాలు చెదల పాలు. అందుకే కంప్యూటర్ సారు రవీందర్ ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరిచి, లింకు ఉన్నవాళ్ళంతా అందులో ఒకేసారి రాయొచ్చని చూపించిన రోజున చిన్నపిల్లలా సంబరపడింది.

ఆ పేజీ కోసం తల్లి కొండమ్మను ఊరి నుంచి పిలిపించింది. కోయ భాషలో కొండమ్మకు రాని కథ లేదు. ఆమె చెబుతుంటే పదో తరగతి పిల్లలు వంతులేసుకుని తలా కాస్త ట్యాబుల్లో టైపు చేసేవాళ్ళు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దేవాళ్ళు. పుష్పలత మాత్రం కథ వినేది కాదు, తెర మీద తప్పులు వెతికేది. చిన్నప్పుడే హాస్టల్లో పడ్డ మనిషి, అప్పుడూ విన్నది లేదు. కళావతి అనే పిల్ల కాగితం మీద రాసుకోబోతే, "ఎందుకే, చెదలకా? అందరి దగ్గర ఉంటది తియ్" అని లాక్కుని వంటింటి పొయ్యిలోకి పంపింది.

ఎండాకాలం సెలవుల్లో కొండమ్మ జ్వరంతో పోయింది. బడి తెరిచాక, అమ్మ మాటలైనా చదువుకుందామని పుష్పలత లింకు నొక్కింది. పేజీ లేదు.

రవీందర్‌కు ఫోన్ చేసింది. అతని కాంట్రాక్టు వేసవిలోనే ముగిసింది.

"అది ఆఫీసోళ్ళు నాకిచ్చిన ఐడీతోని చేసిన మేడమ్. నన్ను తీసేసినంక ఐడీ బంద్ చేసిండ్రు. దాంతోనే అదీ పోయింది."

"పిల్లలందరి దగ్గర ఉన్నది కదా సార్?"

"వాళ్ళ దగ్గర ఉన్నది లింకే మేడమ్. పేజీ ఒక్కటే. మీరు కాపీ తీసుకోలేదా?"

ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఇక రాదన్నారు. రాసిన పిల్లలు పాసై తలో దిక్కూ పోయారు.

ఒకరోజు టీసీ కోసం కళావతి వచ్చింది. సంగతి విని, సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది.

"నాకు నా వంతు ముక్కలే యాదికున్నయ్ టీచర్. మీ అమ్మ కథలే కదా, మీరు చెప్పున్రి. మళ్ళీ రాద్దాం."

పుష్పలత కళ్ళు మూసుకుంది. "ఒక కొండ మీద ఒక ముసలమ్మ ఉండెనంట..." అని ఆగిపోయింది. ఎంత తడుముకున్నా తెర మీది అక్షరదోషాలే గుర్తొస్తున్నాయి.

"తర్వాత ఏమైంది టీచర్?"

"నేను వినలేదే," అని పుష్పలత ఆ పిల్ల ముందే బోరున ఏడ్చింది.