కడిగేసిన గిన్నె

ఆ మధ్యాహ్నం గురించి నాకు నిశ్చయంగా తెలిసినవి కొన్నే. మేడమ్‌కు రొయ్య పడదు, ఇది నిశ్చయం. నేను ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఎవరో తెచ్చిన కట్లెట్‌లో తెలియక ఒక ముక్క తిని, ఊపిరి అందక ఆవిడ కుర్చీలోంచి జారిపోవడం కళ్లారా చూశాను. రాజమండ్రిలో మేము భోంచేసిన చోట రొయ్యలకు వేరే పొయ్యి, వేరే నూనె ఉన్నాయి. ఇదీ నిశ్చయమే, స్వయంగా వెళ్లి చూశాను. అక్కడి వంటాయన అసలు రొయ్యే ముట్టడన్నది మాత్రం వినికిడి. నాకు చెప్పింది మా ల్యాబులో సహోద్యోగి, ఆయనకు చెప్పింది ఆయన బావమరిది. వెళ్లి చూస్తే అది అబద్ధమని తేలింది. ఇక ఆ పూట చింతచిగురులో ఏం పడిందన్నదాని మీద రెండు మాటలు విన్నాను. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు.

భీమవరంలో, ఎగుమతికి వెళ్లే రొయ్యల్లో మందుల అవశేషాలున్నాయేమో పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. ఒకరు చెప్పిన మాటను నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారు. ఆ నమ్మకపోవడం నేర్పింది మేడమే. తెలుగావిడే, నాగపూర్‌లో స్థిరపడ్డారు. ఉద్యోగ విరమణ తరువాత మా ల్యాబు చూడాలని రెండు రోజులకు వస్తానన్నారు. తిరుగు రైలు రాజమండ్రిలో, సాయంత్రం. ఆ రోజు మధ్యాహ్న భోజనం నా బాధ్యత.

మా ఆవిడకు ఇది నచ్చలేదు.

"ఇంటికొచ్చిన మనిషికి ముద్ద పెట్టకుండా పంపేస్తారా? ఏంటండీ ఈ చోద్యం!"

"మనింట్లో రొయ్య ఎరగని గిన్నె ఒక్కటి చూపించు."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ తిరగేసింది. "కాఫీ గిన్నె" అంది చివరికి.

కాబట్టి మా ఇంట్లో మేడమ్‌కు కాఫీ దక్కింది. శాకాహార హోటల్‌కు తీసుకెళితే సమస్యే లేదు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది. ఆవిడ రాకముందే ఫోన్లో ఆ మాట అంటే మేడమ్ ఒప్పుకోలేదు.

"జన్మంతా ఆ ఇడ్లీలూ సాంబారూ తిన్నాను, ఇష్టమై కాదయ్యా, భయమై. నీ అంత అనుమానపు మనిషి పక్కన ఉండగా ఒక్క పూటైనా భయం లేకుండా తింటాను. నది కనబడాలి, చల్లటి బీరు ఉండాలి, నిప్పుల మీద కాల్చిన కోడి ఉండాలి. బీరుతో పాటు మంచి భోజనమూ పెట్టే గ్యాస్ట్రోపబ్ ఏదో పెట్టారటగా మీ రాజమండ్రిలో?"

ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. నా అనుమానం మీద ఒక మనిషి తన ప్రాణం పెట్టడం అదే మొదటిసారి.

తెలిసిన చోట్లకు ఫోన్లు చేశాను. అందరూ ఒకే జవాబు చెప్పారు: "ఏం భయం లేదండి, మీరొచ్చేయండి." భయం లేదన్నది కొలత కాదు. ఎంత గట్టిగా చెబితే అంత భయం వేసింది. చివరికి ఆ గ్యాస్ట్రోపబ్‌కే ముందుగా ఒకసారి వెళ్లాను. వంటగది అద్దం వెనక బయటికే కనబడుతుంది. మేనేజరుగారు లోపలికి తీసుకెళ్లి చూపించారు. రొయ్యలు ఒక మూల, వాటి మూకుడు, వాటిని కాల్చే చట్రాలు, వాటి కత్తి అన్నీ అక్కడే. కోడి కాల్చే పొయ్యి ఇటు చివర. నేను వంగి నూనె కూడా చూశాను.

"మీరు ఫుడ్ ఇన్‌స్పెక్టరా అండి?"

"కాదండి."

"మరి కొలిమిలో తల పెట్టినట్టు అంత వంగుతున్నారేంటండీ బాబూ!"

మేడమ్‌కు రొయ్య పడదని చెప్పి, మెనూలో ఉన్న ప్రతి పదార్థం గురించీ అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. రావచ్చని నిర్ణయించుకున్నాను.

ఆ రోజు కడియం దాటేదాకా మా కారు ఒక మొక్కల లారీ వెనకే నడిచింది. మేడమ్ బ్యాగులోంచి పెన్సిల్ డబ్బా లాంటిది తీసి నాకిచ్చారు. అందులో అడ్రినలిన్ మందున్న చిన్న గాజు ఆంప్యూల్, సిరంజి. "నాకు మాట పడిపోతే నన్నేమీ అడగకు. తొడలో పొడిచెయ్" అన్నారు, కిటికీలోంచి మొక్కలు చూస్తూ. దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాను. దారంతా అది నా గుండెకు తగులుతూనే ఉంది.

కిటికీ పక్క బల్ల దొరికింది. కింద గోదావరి, దూరంగా వంతెన. కోడి వచ్చింది, బీరు వచ్చింది. ఆవిడ మొదటి ముక్క నమిలి కళ్లు మూసుకున్నారు. నేను ఆవిడ పెదవుల రంగు చూస్తున్నాను, మెడ చూస్తున్నాను, ఊపిరి వింటున్నాను.

"నీ ప్లేటు చూసుకో. నన్ను టెస్ట్ ట్యూబులా చూస్తావేంటయ్యా?"

నవ్వాను. ప్లేటు సగం ఖాళీ అయ్యేసరికి నా భుజాలు కాస్త దిగాయి. అప్పుడే మేనేజరుగారు చిన్న పళ్లెం పట్టుకుని స్వయంగా వచ్చారు. కాల్చిన బ్రెడ్ ముక్కల మీద ఆకుపచ్చటి ముద్ద.

"మా తరపునండి. మెనూలో లేదు. అమ్మగారు దూరాభారమనకుండా వచ్చారు కదా, మన వైపు రుచి చూడకుండా ఎలా వెళ్తారండి?"

"ఏంటండి ఇది?"

"చింతచిగురండి. ఆకే."

వంగి వాసన చూశాను. రోజంతా రొయ్యల మధ్య పనిచేసే నా ముక్కుకు ఆ వాసన ఎప్పుడో తెలియడం మానేసింది. ఆ సంగతి కూడా అదే క్షణంలో గుర్తొచ్చింది. ఇంకేం వేశారు అని అడగబోయాను. పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషిని కాదనలేక మేడమ్ ఒక ముక్క తీసి అప్పటికే కొరికారు.

మా వైపు ఆకుకూరల్లో ఎండబెట్టిన సన్న రొయ్యలు, రొయ్యపొట్టు అంటాం, గుప్పెడు వేస్తారు. వేశామని ఎవరూ ప్రత్యేకించి చెప్పరు, ఉప్పు వేశామని చెప్పనట్టే. మా ఇంట్లోనూ చింతచిగురు అలాగే వండుతారు.

"మేడమ్, ఉమ్మేయండి!"

ఆవిడ నా ముఖం చూశారు. ఆ చూపు నేను మరచిపోలేదు. ముక్క రుమాలులోకి ఉమ్మి, నీళ్లు పుక్కిలించారు. చెయ్యి మెడ మీదికి వెళ్లింది. "నాలుక చిమచిమలాడుతోంది" అన్నారు. మెడ మీద ఎరుపు కనిపించింది. ఆవిడ రుద్దుకోవడం వల్ల వచ్చిన ఎరుపా, లోపలినుంచి పొంగిందా? మరో మాటకు ఆవిడ గొంతు పెగల్లేదు. రోజూ సూక్ష్మమైన చుక్కలు కొలిచే నా వేళ్లకు ఆంప్యూల్ మెడ విరవడం చేతకాలేదు; రెండోసారికి విరిగింది. మందు సిరంజిలోకి లాగి, చుడీదార్ మీదుగానే తొడలో పొడిచాను. ఆవిడను ఆసుపత్రికి కారెక్కిస్తుంటే మేనేజరుగారు తలుపు పట్టుకుని ఏడుస్తున్నారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు చూసి, ప్రమాదం లేదు, రాత్రికి ఉంచుదామన్నారు. ఇది రొయ్య వల్లేనా అని అడిగాను. "ఇంజెక్షన్ ఇచ్చేశాక చెప్పడం కష్టమండి. భయంతో కూడా గొంతు పట్టేస్తుంది. మీరు ఇవ్వడం మాత్రం మంచిదే."

మేడమ్ మంచం మీంచి నా చెయ్యి పట్టుకున్నారు. "అందులో ఉందా, లేదా? ఉందంటే అది నా పాత శత్రువు, తప్పించుకోవడం నాకు తెలుసు. లేదంటే నా గొంతు పట్టేయడానికి ఇక భయమే చాలన్నమాట. అదీ కాకపోతే నాకు ఇంకేదో కొత్తగా పడటం లేదు. అప్పుడు రేపటినుంచి నేనేం తినాలయ్యా?"

తేల్చుకుని వస్తానన్నాను. రొయ్య ప్రోటీన్‌ను పట్టే కిట్ మా ల్యాబులోనే ఉంది. ఒక్క ముక్క దొరికితే చాలు. ఉమ్మిన రుమాలు బల్ల మీదే వదిలేశానని దారిలో గుర్తొచ్చింది.

పబ్‌లో మేనేజరుగారు నన్ను చూడగానే చేతులు జోడించారు. "వేసే ఉంటారండి. చింతచిగురులో ఎప్పుడూ వేసేదే."

వంటాయన అడ్డం వచ్చారు. "లేదండి! అమ్మగారికి రొయ్య పడదని మేనేజరుగారు పొద్దున్నే చెప్పారు కదా, అందుకే ఇవాళ మానేశాను."

"మరి నాకు చెప్పలేదేంటి?" అన్నారు మేనేజరుగారు.

"మీరు అడిగితే కదండీ!"

ఒకరు చూడలేదు. మరొకరికి అలా చెప్పుకోవలసిన అవసరం ఉంది. ఇద్దరి మాటా నాకు సాక్ష్యం కాదు.

"మిగిలింది ఏమైనా ఉందా? పళ్లెం, గిన్నె, ఆ రుమాలు?"

"ఇంకెక్కడివండీ!" మేనేజరుగారి ముఖంలో అప్పటికి కాస్త తెరిపి కనిపించింది. "మీరలా వెళ్లగానే అంతా పారబోయించాను. చెత్తబండి కూడా వచ్చి వెళ్లిపోయింది. గిన్నెలన్నీ వేణ్నీళ్లతో, సోడాతో దగ్గరుండి తోమించాను. ఇంకెవరికీ ఏమీ కాకూడదు కదండీ." తోమిన గిన్నె తెచ్చి చూపించారు. అందులో నా ముఖం కనబడింది.

మరుసటి రోజు రైల్లో మేడమ్ అరటిపళ్లు మాత్రం ఉంచుకుని, మా ఆవిడ కొత్త గిన్నె కొని మరీ వండి పంపిన పులిహోర తిరిగి నా చేతికే ఇచ్చారు.

ఈ మధ్య ఫోన్ చేశారు. ఇంట్లో తానే కోడి వండుకున్నారట. ముక్క పెదవి దగ్గరికి రాగానే నాలుక చిమచిమలాడిందట, పక్కన పెట్టేశారట. "దీన్నిబట్టి ఆ రోజుది కూడా భయమేనంటావా?" అన్నారు. ఇప్పటి చిమచిమ ఆనాటి గిన్నెలో ఏముందో చెప్పదని అన్నాను. "నేనైనా అదే చెప్పేదాన్ని" అని ఫోన్ పెట్టేశారు.

ఆ చింతచిగురులో రొయ్యపొట్టు పడిందా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. గిన్నె కడిగేశారు.