ఆనకట్ట వల్ల లాభాలు

ముంపు గ్రామాల సర్వే జరుగుతున్న రోజులవి. భద్రాచలం బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఒక అడవి పల్లెలో ప్రైమరీ స్కూలు టీచరు. ఒళ్లో సాంఘికశాస్త్రం పరీక్ష పేపర్లు చూడగానే, గ్రంథాలయంలో చదివిన నదుల చరిత్రంతా ఆయనకు ఉత్సాహంగా వినిపించాను.

"గిన్ని సదివిండ్రు గదా, నాకొకటి చెప్పుండ్రి. ఆనకట్టతోటి లాభాలు చెప్తుంటే ఒక పిల్ల లేచి, 'ఎవలకు సారూ?' అన్నది. కింద కట్టే ఆనకట్టకు మునిగేది ఆళ్ల ఊరే."

"మీరేమన్నారు?" అన్నాను.

"'కూసో, పరీక్షల వస్తది' అన్న. బట్టీ పట్టించిన."

"రాసిందా?"

"అవ్. సాగునీరు, కరెంటు, చేపలు... ఒక్క తప్పు లేదు." ఆ పిల్ల పేపరు తీసి నా చేతిలో పెట్టాడు. "ఫుల్ మార్కులేసిన."