అమ్మ కళ్ళకద్దుకున్న అన్నం

మొన్న మెర్డెకా, అదే మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పండగనాడు, కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఇంటికొచ్చిన మనవరాలు ఫోను నా ముఖం ముందు పెట్టి, "అమ్మమ్మా, చూడు, సో స్వీట్ లా" అంది. పాత నలుపు తెలుపు కదిలే బొమ్మ. కొబ్బరి తోట గేటు దగ్గర ఒకావిడ నేలమీంచి అన్నం ఏరి కళ్ళకద్దుకుంటోంది. బియ్యమిచ్చి కాపాడిన సర్కారుకు ఈ తల్లి దండం పెడుతోందని ఒక మగగొంతు తమిళంలో చెబుతోంది. కింద ఎవరెవరో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ తల్లి మా అమ్మ. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా ఈడువాళ్ళకు ఇక్కడ తెల్లదొరల సర్కారు పెట్టిన ఆ ఎమర్జెన్సీ రోజుల గురించి చెప్పక్కర్లేదు. బాగన్ దాతుక్ వైపు మా తోట ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసి, అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని, పనికి వెళ్ళేవాళ్ళెవరూ మెతుకు కూడా గేటు దాటించకూడదన్నారు. కొబ్బరికాయలు వలిచే మా అమ్మ అప్పుడు కడుపుతో ఉంది. ఆకలికి ఆగలేక ఒకరోజు చద్దన్నం మూటకట్టి చీర మడతలో దోపుకుని బయల్దేరితే, కాపలావాడు ఆ మూట లాగి నేలమీద పారబోసి బూటుకాలితో తొక్కాడు. "కూడు మీద కాలెడతావేటిరా" అని ఏడుస్తూనే అమ్మ కూర్చుని, ఆ మెతుకులు ఏరి కళ్ళకద్దుకుంది. అన్నానికి కాలు తగిలితే, అది ఎవరి కాలైనా సరే, మా ఇళ్ళలో చేసే పనే అది.

ఆ పొద్దున సర్కారు సినిమావాళ్ళు అక్కడే ఉన్నారు. ఎనిమిదేళ్ళ నాకు జడకు కొత్త రిబ్బను కట్టి, కొత్త కుళాయి దగ్గర నవ్వమని నిలబెట్టారు. నవ్వాను. అదే నా మొదటి వేషం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

కొన్ని నెలలకు సినిమా బండి వచ్చి మైదానంలో తెల్లగుడ్డ కట్టి ఆరోజు తీసిన బొమ్మ వేసింది. కాపలావాడినీ బూటునూ కత్తిరించేశారు. మిగిలింది అమ్మ, అన్నం, వాటిమీద అతికించిన ఆ మగగొంతు. జరిగింది కళ్ళారా చూసినవాళ్ళు కూడా పకపకా నవ్వారు. అప్పటినుంచి అమ్మ పేరు పోయి "సర్కారుకి మొక్కినమ్మ" మిగిలింది. మెర్డెకా వచ్చి దొరల జెండా దిగిన రోజున మా మేనత్త నలుగురిలో, "ఇప్పుడెవులికి మొక్కుతావు వదినా" అని అడిగింది. అమ్మ ఇంటికొచ్చి నాతో ఒక్క మాటే అంది: "ఆ గొంతుని ఎవులైనా ఆపితే బాగుణ్ణు."

ఆ మాటే నన్ను కౌలాలంపూర్ దాకా తోసింది. అక్కడ నాటకాల్లోనూ, తరవాత సినిమాల్లోనూ నాకు దొరికినవన్నీ పనిమనిషి వేషాలే. ఎక్కడ ఏడవాలో చెప్పేవారుగానీ ఎందుకో చెప్పేవారు కాదు. అడిగితే పొగరన్నారు. ఏ కంపెనీలోనూ కుదురుకోలేదు. షూటింగు అయ్యాక అందరూ ఇళ్ళకు పోతే నేను ఎడిటింగు గదిలో ఓ మూల కూర్చుని కత్తెర ఎక్కడ పడుతోందో చూసేదాన్ని. ఆడదానికి ఇక్కడేం పనని ఒక డైరెక్టరు విసుక్కుంటే, మా అమ్మను కోసింది ఇలాంటి గదిలోనే కదా అని మనసులోనే తిట్టుకున్నాను. తల నెరిసే వేళకు నలుగురు స్నేహితులను పోగేసి నా సినిమా నేనే తీశాను. గేటు, బూటు, అమ్మ అన్న మాట, అన్నీ పెట్టాను. అమ్మ వేషం కూడా నేనే కట్టాను.

అప్పటికి మంచానపడ్డ అమ్మకు చూపిస్తే, "ఏరడం నీకు రాలేదే. నేను మట్టి ఊదినాను, నువ్వు ఊదనేదు" అంది. నాకు కోపమొచ్చింది, కానీ ఆవిడ చెప్పిందే నిజం. ఆ మగగొంతు లేదు కదా అని మాత్రం రెండుమూడుసార్లు అడిగి, లేదని రూఢి చేసుకున్నాక కళ్ళు మూసుకుని పడుకుంది.

నా సినిమా చూసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆ అబద్ధం మాత్రం ఇప్పుడు ఫోను ఫోనుకూ తిరుగుతోంది. కంచె పోయింది, గేటు పోయింది, కొబ్బరి తోట పామాయిల్ తోటయింది, ఆ గొంతుకు చిన్న జలుబైనా చేయలేదు.

ఇదంతా మా ఇంట్లో నడిచే తమిళం, ఇంగ్లీషు కలిపి చెబితే, మనవరాలు ఫోను మీద వేలు పెట్టి ఆ శబ్దం తీసేసింది. నాకు సగం జీవితం పట్టిన పని అది. తరవాత బొమ్మలో కదులుతున్న అమ్మ పెదాలు చూపించి, "ఆమె ఏటి చెప్తుంది, అమ్మమ్మా?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. "కూడు మీద కాలెడతావేటిరా" అని అమ్మ మాటే ఉన్నదున్నట్టు చెప్పాను. దానికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను, ఈసారి ఆ దొరల ఇంగ్లీషులో.