తువ్వాల కింద అమ్ముడుపోయిన గాయకుడు

ఆ రోజుల్లో మనిషి గాయకుడు కావాలంటే గొంతు తప్ప అన్నీ కావలసి వచ్చేవి. ఇప్పుడూ అంతేననుకుంటాను. సాయంత్రం మా మనవరాలు టీవీ ముందు కూర్చుని పాటల పోటీ చూస్తుంది. ఓ పిల్ల పాడుతుంది, తీర్పు చెప్పే ముగ్గురూ కళ్లు తుడుచుకుంటారు, ఆ పిల్ల వాళ్లమ్మా తుడుచుకుంటుంది, మధ్యలో సబ్బులమ్ముతారు. "తాతా, పాపం మీ కాలంలో ఇవేవీ లేవు గదా" అని మా మనవరాలు నా మీద జాలిపడుతుంది. ఎందుకు లేవు? పెట్టె ఒక్కటే లేదు. తీర్పు చెప్పే ముగ్గురూ ఉన్నారు, అన్యాయం ఉంది, మధ్యలో అమ్మే సరుకూ ఉంది. అలాంటి పోటీలో ఆఖరి అంచె దాకా వెళ్లి వచ్చినవాణ్ణి నేను. గెలిచావా ఓడావా అని మాత్రం అడక్కండి. ఆదోని పత్తి మార్కెట్టంతా కూర్చున్నా అది తేలలేదు.

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకదాని గుంతలో నాయన, రెండోదాని గుంతలో నేను. పంతొమ్మిదేళ్లవాణ్ణి. పోగు మోసే నాడె అటూ ఇటూ పోయే చప్పుడుకు నాకు పాటలు వాటంతటవే వచ్చేవి. వచ్చినవి వచ్చినట్టు పాడుకుని ఉంటే ఈ కథే లేదు. నేను వాటిని మోటు మాటలని తోసిపారేసి, గ్రంథాలయం నుంచి నిఘంటువు తెచ్చుకుని, ఒక్కో మాట తీసేసి దాని చోట ఇంకో మాట కూర్చేవాణ్ణి. 'ఓ ధవళ జ్యోత్స్నా తరంగమాలికా, నా విరహ హృదయ తంత్రి మీటవే' అని మొదలయ్యే పాట అలా పుట్టిందే. (విరహం ఎవరితో అని అడిగేరు. ఎవరితోనూ లేదు. అప్పటికి నేను మాట్లాడిన ఆడవాళ్లు మా అమ్మ, మా అక్క.) పాట పొడుగయ్యే కొద్దీ చీర పొట్టిదయ్యేది. అంచులో పోగులు తప్పేవి. నాయన ఆ చీరలను చేత్తో తడిమి, ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. అది తిట్టడం కంటే ఘోరంగా ఉండేది.

అలా ఉండగా ఒక టీ కంపెనీ వాళ్ల వ్యాను మా ఊరి సంతకు వచ్చింది. మా వైపు అప్పట్లో టీ అంటే జ్వరం వచ్చినప్పుడు తాగే కషాయం లాంటిదని లెక్క. ఆ అపోహ పోగొట్టడానికి కంపెనీ వాళ్లు వ్యాను మీద మైకు కట్టి, ఊరకే టీ పోసి, ఒక పాటల పోటీ కూడా పెట్టారు. పాట సొంతంగా కట్టుకోవాలి, తామే పాడాలి, పాటలో ఒక్కసారైనా టీ అనే మాట రావాలి. మొదటి అంచె ఎమ్మిగనూరులో, ఆఖరిది ఆదోనిలో. గెలిచినవాణ్ణి మద్రాసు తీసుకుపోయి గ్రామఫోను ప్లేటుకు పాడిస్తారు. కోటు వేసుకున్న మేనేజరు ఒకాయన మైకులో ఇది చెబుతుంటే, ఆ ప్లేటు మీద నా పేరు తిరగడం నాకప్పుడే కనిపించింది. నాయన ఒకటే మాట అన్నాడు. "గెలిస్తే పాడుకో. గెలవకపోతే గుంతలోకి దిగు, ఇంక పైకి సూడొద్దు." నా బతుకు ఆ కోటాయన చేతిలో పెట్టినట్టయింది.

మొదటి అంచె నేను అవలీలగా నెగ్గాను. నా విరహ గీతం చివర 'ప్రియా, నీ కౌగిలి వలె వెచ్చని టీ' అని ఒక పాదం అతికించాను. జనం విపరీతంగా చప్పట్లు కొట్టారు. అది కళాభిమానమని నేను చాలా ఏళ్లు నమ్మాను. బాగా చప్పట్లు కొట్టినవాళ్లకు రెండో కప్పు పోస్తామని వ్యాను డ్రైవరు వాళ్లకు చెప్పిపెట్టాడని ఆ తర్వాతెప్పుడో తెలిసింది.

ఆఖరి అంచె ఆదోనిలో ఒక పత్తి గోదాములో జరిగింది. గోదాము ముగ్గురు వ్యాపారులది కాబట్టి తీర్పు చెప్పేవాళ్లూ ఆ ముగ్గురే. అందులో పెద్దాయనకు జిన్ను ఉండేది, అంటే పత్తిలోంచి గింజ వేరుచేసే మిల్లు. అందుకని ఊరంతా ఆయన్ను గింజల సెట్టి అనేది. పదికి ఇన్ని మార్కులని పైకి చెప్పండని మేనేజరు అడిగితే ముగ్గురూ ఇబ్బందిపడ్డారు. పదిమందిలో ఒకడు ఎక్కువా ఇంకొకడు తక్కువా చెబితే రేపు ముఖాలు చూసుకునేదెట్లా అన్నారు. అప్పుడు వాళ్ల బేరాలు కుదిర్చే దలాలి ముందుకొచ్చాడు. ఆదోనిలో పత్తి బేరమంటే నోటితో జరిగేది కాదు. దలాలి భుజం మీది తువ్వాల చేతి మీద కప్పుకుని ఒక్కొక్క వ్యాపారి దగ్గరికీ పోతాడు, ఆయన తువ్వాల కింద చెయ్యి పెట్టి దలాలి వేళ్లు ఒత్తుతాడు, ఎన్ని వేళ్లు ఒత్తితే అంత ధర, ఎవరు ఎంత ఒత్తిందీ పక్కవాడికి తెలియదు. అందరి దగ్గరికీ పోయి వచ్చాక దలాలి అందరికంటే ఎక్కువ ఒత్తినాయన పేరు చెబుతాడు. మార్కులూ అట్లే తీసుకుందామన్నాడు. మేనేజరు మద్రాసు మనిషి, రైలు టైమవుతోందని గడియారం చూసుకుంటున్నవాడు, భేష్ అన్నాడు. నేనూ సంతోషించాను. పత్తి నాణ్యం కనిపెట్టేవాళ్లకు పాట నాణ్యం తెలియదా అనుకున్నాను.

పోటీలో నలుగురం మిగిలాం. మొదటి ఇద్దరి గురించి చెప్పడానికేమీ లేదు. మూడోది సెట్టి జిన్నులోనే పత్తి ఏరే మనిషి, నలభై ఏళ్లావిడ, అందరూ పెద్దక్క అనేవాళ్లు. జుట్టు మీద పత్తి నూగు దులుపుకోకుండానే వచ్చి మైకు ముందు నిలబడింది. 'గింజనిడిసిన పత్తీ, నీకు ఊరు యాడుందో, నన్నిడిసిన పొద్దూ, నీకు ఇల్లు యాడుందో' అని ఎత్తుకుంది. గోదాములో మూటలు మోసేవాళ్లు మూటలు దించి విన్నారు. నాకూ ఒళ్లు జలదరించింది. వెంటనే సర్దుకుని, ఛందస్సు లేదు, అలంకారం లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. పాట అయ్యాక మేనేజరు లేచి, ఇందులో టీ లేదు కదమ్మా, ఒక్క ముక్క చేర్చి మళ్లీ పాడమన్నాడు. "నేనెప్పుడూ తాగలేదప్పా. తాగనిదాని గురించి యట్ల పాడేది?" అంది. ఒక కప్పు తెచ్చి ఇచ్చారు. తాగి, బాగాలేదు, దీని మీద పాట రాదు అని చెప్పి దిగిపోయింది. ఆమె పేరు కొట్టేశారు. నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

చివరి వంతు నాది. విరహం, వెన్నెల, కౌగిలి, టీ, ఏదీ తక్కువ చేయకుండా పాడాను. దలాలి తువ్వాల కప్పుకుని బయలుదేరాడు. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మార్కెట్లో కూర్చున్న వ్యాపారి పొద్దుగూకేదాకా ఏ సరుకూ కొనకుండా ఉత్త చేతులతో లేచి వెళ్లడం చాలా చిన్నతనం. గింజల సెట్టి మొదటి ఇద్దరినీ లెక్కచేయలేదు, మూడో సరుకు వెనక్కి పోయింది, మిగిలింది నేనొక్కణ్ణే. పైగా ఎదురుగా కూర్చున్న వ్యాపారి ముఖం నా పాటకు కొంచెం విప్పారినట్టు సెట్టికి తోచింది. ఇంకేముంది, రెండు చేతులూ తువ్వాల కిందికి పోనిచ్చి పది వేళ్లూ ఒత్తేశాడు. దలాలి ముప్ఫై ఏళ్లుగా ఒకే పని చేస్తున్నవాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, సెట్టి అరచేతిలో తన అరచేయి చరిచి, "అయిపోయింది. గింజల సెట్టిది" అని గట్టిగా చెప్పాడు.

గెలిచిన పేరు దలాలి చెబుతాడని మేనేజరుకు ముందే తెలుసు. ఆయన లేచి, పూలదండ తీసుకుపోయి గింజల సెట్టి మెడలో వేశాడు. మద్రాసు టికెట్టు సెట్టి చేతిలో పెట్టాడు. ఫొటో తీశారు. అందులో సెట్టి దండతో నవ్వుతూ ఉంటాడు, పక్కన నేను ధర తేలిన పత్తి మూటలాగా నిలబడి ఉంటాను. నేను గొడవ చేశాను. గెలిచింది నేను గదా, పది మార్కులు వచ్చింది నాకు గదా అని దలాలి చొక్కా పట్టుకున్నాను. ఆయనకు కోపం రాలేదు. నా తెలివితక్కువకు జాలిపడ్డాడు. "పది ఒత్తినోడు గెలిచినట్టా, ఒత్తించుకున్నోడు గెలిచినట్టా? మూట యాడన్నా గెలుస్తాదా అప్పా?" అన్నాడు. చుట్టూ ఉన్న మార్కెట్టంతా తల ఊపింది. మేనేజరు అప్పటికే రైలుకు పోయాడు. సెట్టి మాత్రం మర్యాదస్తుడు. చేయి కలిపి కొన్న సరుకును ఇడిసిపెట్టేది తమ ఇంటా వంటా లేదని, రేపు పొద్దున జిన్నుకు రమ్మని చెప్పాడు.

మరి నేను నాయనకు ఉత్తరమెట్లా రాశానంటారు? 'ఆదోనిలో ఒక ధనవంతుడు నన్ను ఆస్థాన గాయకుడిగా నియమించుకున్నాడు' అని రాశాను. గెలవలేదు గనక గుంతలోకి దిగమంటాడేమో, ఓడలేదు గదా అని వాదించడానికి అలా రాసిపెట్టుకున్నాను.

సెట్టి మద్రాసు వెళ్లాడు. (ప్లేటుకు పాడమని మైకు ముందు నిలబెడితే ఆనాటి పత్తి ధర చెప్పి వచ్చాడట.) వెళ్తూ, పత్తి ఏరే ఆడవాళ్లకు హుషారుగా ఉండేట్టు నన్ను పాడమని గుమాస్తాకు అప్పజెప్పి పోయాడు. ఆస్థానంలో నా సభికులు ఇరవైమంది ఆడవాళ్లు, నెత్తిన గుడ్డలు కట్టుకుని పత్తిలోంచి పుల్లా ఆకూ ఏరేవాళ్లు. నేను జ్యోత్స్నా తరంగమాలిక ఎత్తుకునేసరికి వాళ్ల చేతులు నిదానించేవి, రెండో చరణానికి ఇద్దరు ముగ్గురు కునికేవాళ్లు. మూడో రోజు పెద్దక్క వచ్చి, నీ బాణీ బాగుండాది తమ్ముడూ, మాటలే మింగుడుపడలేదు అంది. నా అనుమతి అడగనైనా అడగకుండా, ఏరుతూ ఏరుతూ, 'తెల్లగుండే ఎన్నెలమ్మా, యాడికి పోతాండావమ్మా, ఒళ్లో పత్తి నిండినాది, ఒక్క గడియ నిలువమ్మా' అని నా బాణీలోనే పాడేసింది. వారానికల్లా ఇరవైమందీ అదే పాడుతున్నారు. చేతులు ఆగడం లేదు. నేను మూల కూర్చుని, సాహిత్యం నాశనమైపోయిందని బాధపడుతున్నాను. ఆ పాటలో నా మాట ఒక్కటీ మిగల్లేదు. అది మొదట నాడె చప్పుడుకు నాకు వచ్చిన మాటల్లాగే ఉందని గుర్తుపట్టడానికి నాకు చాలా కాలం పట్టింది.

మద్రాసు నుంచి తిరిగొచ్చిన సెట్టికి సంగతి అర్థమైంది. పాట సాగుతోంది, పాటగాడు దండగ. కానీ కొన్న సరుకు తిరిగిచ్చేస్తే మార్కెట్లో మాట పోతుంది. ఏం చేయాలో తోచక నాయనకు కబురు పెట్టాడు. నాయన మొదటి బస్సుకే వచ్చి, సెట్టి చెప్పిందంతా విని, నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "తిరిగియ్యొద్దు సెట్టీ. మరమ్మతుకు ఇయ్యి" అన్నాడు. సెట్టి ఆ ఉపాయానికి ఎంత సంబరపడ్డాడంటే నాకు ఒక పంచెల చాపు కూడా పెట్టాడు.

ఎమ్మిగనూరు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని, నాయన తిట్టడం ఎప్పుడు మొదలుపెడతాడా అని చూస్తున్నాను. సగం దారిలో ఆయన టికెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత, జిన్నులోకి వస్తూ ఆయమ్మ పాడతాంటే విన్నాను, ఆ బాణీ నువ్వు కట్టిందే గదా, రోజూ మగ్గం మీద వింటాంటిని అన్నాడు. అవునన్నాను. "కట్టేది నీకు వచ్చురా. పాడేదే రాదు. ముందే సెప్పింటే ఇంటావా, పోటీకి పోయిందాకా ఎవురు సెప్పినా ఇనకపోతివి." ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడో నాకప్పుడు తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. ముఖం కిటికీ వైపు తిప్పుకుని జొన్నచేలు చూస్తూ ఏడ్చాను. నాయనతో నెల రోజులు మాట్లాడలేదు. గుంతలోకి దిగాను, చీరలు నేశాను, నలుగురిలో మళ్లీ నోరెత్తి పాడలేదు. మగ్గం మీద మాత్రం బాణీలు రావడం ఆగలేదు, నిఘంటువు గ్రంథాలయానికి తిరిగిచ్చేశాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక శ్రావణంలో ఉరుకుంద గుడికి పోతూ ఆదోనిలో బస్సెక్కాను. అప్పటికి నాకూ జుట్టు నెరిసింది. వెనక సీట్లలో ఆడవాళ్లు ఒక గుంపుగా పాడుకుంటున్నారు. తెల్లగుండే ఎన్నెలమ్మా అని వినబడగానే నా చేతిలోని కొబ్బరికాయ కింద పడింది. పెద్దక్క లేదు, నాకు తెలిసిన ముఖమూ ఒక్కటి లేదు, అందరూ పాతికేళ్లలోపు పిల్లలు. నేను కట్టిన పాట అని చెబుదామని లేచాను కూడా. చెబితే ఏమొస్తుంది, నమ్మరు, నమ్మినా పాడి చూపించమంటారు. కూర్చుని, మెల్లగా వాళ్లతో గొంతు కలిపాను. రెండో చరణంలో అలవాటు కొద్దీ నా పాత పాదం ఒకటి నోట్లోంచి వచ్చేసింది. నా వెనక కూర్చున్న పిల్ల పాట ఆపి నా భుజం తట్టింది. "అట్ల కాదు పెద్దాయనా, తప్పు పాడుతాండావు. ఆ ముక్క ఈ పాటలో లేదు. నేను సెప్తా, నా ఎనకాల అను."

అన్నాను. మొదటిసారి మళ్లీ తప్పాను. రెండోసారి ఆ పిల్ల చెప్పినట్టే, ఒక్క మాట పొల్లుపోకుండా పాడాను. బాగానే పాడినావు పెద్దాయనా అంది. నా జన్మలో నా పాడడాన్ని ఒకరు మెచ్చుకోవడం అదొక్కసారే.