మోటారు కాడి వెలుగు

“కరెంటొచ్చింది, మోటారేసొస్త.”

“చీకటైంది, జర టార్చిలైటు తీస్కపో.”

“గింత వెలుగుంటే టార్చెందుకే? కండ్లు మసకలొచ్చినయా నీకు?”

నాకూ నా పెనిమిటికీ మధ్య చివరి మాటలు ఇవే. ఆయన నవ్వుకుంటూ పోయాడు. నేను గడప దాటి చూశాను. పొద్దుకుంకింది, వాకిట్లో కట్టేసిన బర్రె కూడా కనబడటం లేదు. ఏ వెలుగూ లేదు. ఇంట్లో బల్బు వెలగలేదు గానీ, చేను లైను వేరే కదా అనుకున్నాను.

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. శవాలు పూడ్చే బొందలగడ్డ పక్కనుంచే మా చేనుకు దారి. ఒక్కదాన్నే తిరిగాను. చూసింది చెబుతున్నాను, మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది.

మాది ఖిల్లా ఘణపూర్ దగ్గర. అప్పటికి ఊళ్లో ఇంటింటికీ సెల్‌ఫోన్లు రాలేదు. ఆయన పోవడానికి కొన్నాళ్ల ముందు, ఒక సాయంత్రం పల్లి చేలో కలుపు తీసి నడుములు ఎత్తుతుంటే గుట్ట మీదినుంచి ఒక వెలుగు వచ్చింది. విమానం కాదు, చప్పుడే లేదు. మా చేను మీద కాసేపు నిలబడి, వచ్చిన దారినే పోయింది. కలుపుకొచ్చిన ఆడవాళ్లందరం చూశాం. తెల్లారి పోతే మోటారు పక్కన పల్లి చెట్లు గుండ్రంగా మాడి ఉన్నాయి. మన్ను నల్లబడింది.

మైసమ్మ దిగిందన్నారు పెద్దలు. చేను మాదే కాబట్టి నా పెనిమిటే నీళ్లు చల్లి, ఆ మన్నంతా వట్టి చేతులతో అలికి, పసుపు కుంకుమ వేసి కొబ్బరికాయ కొట్టాడు.

ఎవరు చెప్పారో ఏమో, తర్వాత మిలిటరీ జీపులు వచ్చాయి. చేతులకు తొడుగులేసుకుని మన్ను తీయబోయి, పసుపు చూసి పెద్దసారు తల పట్టుకున్నాడు.

“కిస్నే హాత్ లగాయా?” అని హిందీలో అరిచాడు, ఎవరు ముట్టుకున్నారని.

“నేనే సారూ. మీకు గూడ జర బొట్టు పెట్టాల్నా?” అన్నాడు మాయన. అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. మాయన అరచేతులు తిప్పి తిప్పి చూశాడు. పోయేటప్పుడు మాత్రం, అది వాన సంగతి చూసే బెలూన్ అని ఊరికి చెప్పిపోయారు.

అప్పటినుంచి మాయనకు నిలకడ లేదు. “చేతులు కాలుతున్నయే” అనేవాడు. పట్టుకుంటే చల్లగా ఉండేవి.

మోటారేసొస్తనని పోయిన ఆ సాయంత్రం ఎంతకూ రాకపోతే మరిదిని తోలుకుని పోయాను. మోటారు పక్కన, ఆ నల్ల మన్నులోనే బోర్లా పడి ఉన్నాడు. దవాఖానలో కరెంటు షాకన్నారు. కరెంటెక్కడిది? గాలికి లైను తెగి, చేలకూ ఊరికీ మర్నాటిదాకా రానే లేదు.

దినాలైనాక ఆ మిలిటరీ పెద్దసారు ఒక్కడే మా ఇంటికొచ్చాడు. వచ్చీరాని తెలుగులో, “పోయేముందు వెలుగు గురించి ఏమన్నా చెప్పాడా అమ్మా?” అన్నాడు. మాయన చివరిగా అన్న ఆ వెలుగు మాట నేనప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఎలా అడిగాడో తెలియదు. చెప్పాను. చేతిలో పెన్నుంది, రాసుకోలేదు. మూత పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ రాలేదు.

ఆయనకు కనబడిన వెలుగేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పొద్దుకుంకితే లోపల కూర్చోలేను. నాకూ కనబడుతుందేమోనని వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతుంటాను.

“సుజాతా, రాసింది ఒక్కపారి చదువు బిడ్డా. మాయన అన్న మాట పడ్డదా? ముందుగాల గదే చదువు.”