నలభై ఆదివారాలు

మా పెద్ద టీచరు పోయారన్న సంగతి నాకు బడి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కార్యదర్శిగారు తెల్ల గులాబీ బొమ్మ పెట్టి, కింద ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాశారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. పది నిమిషాలైనా కాకముందే ఒకాయన అడిగాడు, దీనివల్ల అడ్మిషన్ ఫారాలు ఇచ్చే తేదీ ఏమైనా మారుతుందా అని. మారదని కార్యదర్శిగారు వెంటనే జవాబిచ్చారు. ఆ జవాబుకీ దండాలు వచ్చాయి.

నాకు ముందు ఏడుపు రాలేదు, లెక్క గుర్తొచ్చింది. ముప్పై ఏడు అయ్యాయి. ఇంకా మూడు ఆదివారాలు కావాలి. ఇప్పుడెలా?

ఆ లెక్కేమిటో చెప్పాలంటే ఆమె ఎవరో చెప్పాలి. చిత్తూరులో ఒక చర్చి నడిపే ప్రైమరీ స్కూల్లో ఆమె ఒకటో తరగతి టీచరు. తర్వాత హెడ్‌మిస్ట్రెస్. రిటైరయ్యాక అడ్మిషన్ కమిటీలో ఓటు లేని సలహాదారు. అంటే మీటింగుకు పిలిచి, టీ ఇచ్చి, మాట వినకుండా పంపించే పదవి. పెళ్లి చేసుకోలేదు. ఊరంతా పెద్ద టీచరనే పిలిచింది.

సంతాప సభలో చెప్పినట్టు ఆమె కరుణామూర్తి ఏమీ కాదు. చెవి మెలిపెట్టేవారు. పెన్సిల్ బ్లేడుతో చెక్కి, ఆ పొట్టును పొట్లం కట్టి, నీ చెత్త నువ్వే పారేసుకో అని మా జేబులోనే కుక్కేవారు. తల్లిదండ్రులెవరైనా బిడ్డను పక్కన నిలబెట్టి తమ కారు గురించీ ఇంటి గురించీ మొదలుపెడితే కళ్లద్దాల మీదుగా చూసి, “బిడ్డ పేరు సెప్పు నాయనా, ఆస్తి పేర్లు తర్వాత” అనేవారు. నాకు అక్షరాలు ఆమె నేర్పారు. ఎవరిని చూసి మొహం తిప్పుకోవాలో కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. రెండోదే ఎక్కువ పనికొచ్చింది.

ఆ బళ్లో సీటు ఎలా ఇస్తారో చెబుతాను. చర్చి సంఘం పిల్లలకు మొదటి చోటు. బాగానే ఉంది. కానీ సంఘం ఎవరో కాగితం చూసి తేల్చే ధైర్యం కమిటీకి లేదు. కాగితాల్లో ఏ మతం రాయించుకున్నారని అడిగితే ముందు కమిటీలో ఉన్నవాళ్ల కాగితాలే బయటికి తీయాలి. అందుకని భక్తిని కూర్చున్న లెక్కన కొలవడం మొదలుపెట్టారు. ఆరాధన చివర ఒక పొడుగాటి పుస్తకం ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా చేతులు మారుతుంది. బెంచీల్లో ఉన్నవాళ్లు సంతకం పెడతారు. ఏడాదిలో నలభై ఆదివారాలు సంతకం ఉంటే ఆ ఇంటి బిడ్డ మొదటి జాబితాలో ఉన్నట్టే.

వ్యాపారం చేసే ఇళ్లకు ఇంతకంటే సులువైన బేరం ఉంటుందా? మా నాయనకు కాణిపాకంలో గుడి దగ్గర కొబ్బరికాయలు, కర్పూరం అమ్మే అంగడి. నా సీటు కోసం ఆయన నలభై ఆదివారాలు బొట్టు తుడుచుకుని చర్చికి వెళ్లాడు. ఆరాధన కాగానే బస్టాండులో మళ్లీ పెట్టుకుని కాణిపాకం బస్సెక్కేవాడు. ఒక ఆదివారం ప్రభు భోజనానికి అందరూ లేస్తే తనూ లేచి వరసలో నిలబడ్డాడు. పాస్టరు అయ్యగారు చిన్న గిన్నె అందిస్తే ద్రాక్షరసం అరచేతిలో పోసుకుని, తీర్థం తాగినట్టు తాగి, తడిచెయ్యి తలకు రాసుకున్నాడు. బెంచీల్లో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారట. పెద్ద టీచరు వెనక్కి తిరిగి, “ఆయప్ప తాగినంత భయంగా మీలో ఎవురన్నా తాగినారా?” అన్నారట. నవ్వు ఆగిపోయింది. జాబితాలో నా పేరు వచ్చిన తర్వాతి ఆదివారం నుంచి మా నాయన ఆ వీధిలోకే పోలేదు. ఇప్పటికీ మా ఇంట్లో చుట్టాలొస్తే ఈ కథ చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వుతారు. పోయినేడు దాకా నేనూ నవ్వేదాన్ని.

పోయినేడు ఏమైందంటే, డిగ్రీ అయ్యి, బ్యాంకు పరీక్షలు రెండుసార్లు రాసి వదిలేసి, ఇంట్లో కూర్చోలేక ఆ బడి ఆఫీసులోనే టైపు పనికి చేరాను. అడ్మిషన్ కమిటీ మీటింగులో ఎవరేం మాట్లాడారో రాయడం నా పని. అక్కడ ఒక ఫారం మీద రూతమ్మ పేరు చూశాను.

రూతమ్మ చర్చి ఊడ్చే మనిషి. ఆదివారం అందరికంటే ముందు వచ్చి తలుపులు తీస్తుంది, ఊడుస్తుంది, చాపలు పరుస్తుంది. అందరూ లోపలికి వచ్చే వేళకు ఆమె బయటికి వెళ్లిపోతుంది. ప్రసంగానికి అడ్డం రాకుండా, లోపల సంతకాల కోసం కూర్చున్న తల్లుల చంటిపిల్లల్ని బయట రేకుల కింద చూసుకోవాలి. ముక్కులు తుడవాలి, తడిసిన నిక్కర్లు మార్చాలి, కొట్టుకుంటే విడదీయాలి. ఆ చర్చికి ఒక్క ఆదివారం కూడా తప్పని మనిషి ఆమే. ఆమె తల్లి కూడా అక్కడే ఊడ్చేది. రూతమ్మ కూతురు కెజియా కోసం పెట్టిన ఫారం మీద కార్యదర్శిగారు చదివింది, “సంతకాలు, సున్న.”

“ఆయమ్మ పోయిన ఆదివారం యాడుండాది?” అని పెద్ద టీచరు అడిగారు.

“బయట పిల్లల దగ్గర.”

“అంతకు ముందు ఆదివారం?”

“బయటే మేడమ్. మన నియమం లోపల కూర్చునే దాని గురించి కదా.”

“మీ మనవడి ముక్కు తుడిసేది ఆరాధన కిందికి రాదా?”

కార్యదర్శిగారు నవ్వారు. ఎదుటి మనిషి మాట ముగిసిందని ఆయన తేల్చేసినప్పుడు నవ్వే నవ్వు అది. పెద్ద టీచరు ఊరుకోలేదు. ఏడాది పొడుగునా తన సంతకాలు పుస్తకంలో ఉన్నాయని, తనకు చేర్చాల్సిన బిడ్డలు లేరని, వాటిని రూతమ్మ పేరున రాసుకోమని అడిగారు.

“అట్ల కుదరదు మేడమ్,” అన్నారాయన. “ఈ నియమం పెట్టిన పొద్దు మీరూ చెయ్యెత్తినారు గదా.”

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ సీటు పట్టుచీరల అంగడి ఆయన కొడుక్కి పోయింది. ఆయన నలభై ఆదివారాలూ వచ్చాడు, నిజమే. చివరి పాటకు వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మం పక్క బెంచీలో ఒక పక్కగా కూర్చుని, సంతకం పెట్టి పోయేవాడు. పేరు వచ్చిన మర్నాటి నుంచి మా నాయన లాగే మాయం. ఇవన్నీ ఆ కమిటీకి కనబడతాయి. కనబడ్డా లెక్క సరిపోయింది కాబట్టి నిద్ర పడుతుంది.

మీటింగు అయ్యాక గేటు దాకా ఆమెతో నడిచాను. కార్యదర్శిని నేను నాలుగు తిట్లు తిట్టాను. ఆమె ఆపారు.

“వాడినేం తిడతావులే పాపా. చెయ్యెత్తింది నేనే. ఎత్తిన పొద్దు రూతమ్మ నా కంటికే ఆనలేదు. నలభై ఏండ్లు ఆయమ్మా వాళ్లమ్మా ఊడ్చిన నేల మీద నడిసి పోయి, మొదటి బెంచీలో కూర్సోని చెయ్యెత్తినా.”

కెజియాకు ఇంకొక్క ఏడే ఉంది. అది దాటితే ఒకటో తరగతికి వయసు మించిపోయిందని చేర్చుకోరు.

తర్వాతి ఆదివారం పెద్ద టీచరు చర్చికి వెళ్లి, లోపలికి పోకుండా రేకుల కింద చాప మీద కూర్చున్నారు. రూతమ్మను లోపలికి పొమ్మన్నారు. నలుగురూ ఏమనుకుంటారు టీచరమ్మా, నేను వాకిట్లోనే ఉంటానని బతిమాలింది. ఆమె వినలేదు.

“మొదటి బెంచీలో కిటికీ పక్కది నా సోటు. ఆడనే కూర్సో. వెనకాల చెప్పుల కాడ కూర్సున్నావంటే నేనొచ్చి చెయ్యి పట్టి లేపుతా.”

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. తల్లులకు మొదట్లో ఎంత మురిపెమో. హెడ్‌మిస్ట్రెస్ తమ పిల్లల్ని చూసుకుంటున్నారని బంధువులకు చెప్పుకున్నారు. ఆమె ఎందుకు బయటున్నారో అడిగినవాళ్లు లేరు. అడిగితే మళ్లీ సమాధానం వినాలి.

కొన్ని ఆదివారాలు నేనూ వెళ్లి చాప మీద కూర్చునేదాన్ని. ఆమె కాళ్లు వాచి ఉండేవి. మోకాలు మడవలేక ఒక కాలు చాపుకుని, పారిపోయే పిల్లల గౌనుల కొసలు రెండు చేతులతో పట్టుకుని ఉండేవారు. బిస్కట్లను సగానికి సగం విరిచి ఇచ్చేవారు. పూర్తిది ఇస్తే దాచుకోవడం నేర్చుకుంటారట. లోపల పాట మొదలైతే పెదాలు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. ఎండాకాలం రేకులు కాలిపోతుంటే కొంగు తడిపి తల మీద వేసుకునేవారు. లోపలికి పోయి ఫ్యాను కింద కూర్చోండి, నేను చూస్తానని ఒకసారి అన్నాను. “నువ్వు ఏడాది పాటు ఒక సోట కుదురుగా ఉండగలవా?” అన్నారు. అది తిట్టే. నిజం కూడా. ఆరాధన అయ్యాక రూతమ్మ బయటికి రాగానే ఆమె అడిగేది ఒకటే, పెట్టినావా అని. రూతమ్మ తలూపేది. అలా ముప్పై ఏడు. ఒక గురువారం పొద్దున పాలపొట్లాలు పెద్ద టీచరు గడప దగ్గరే ఉండిపోవడం చూసి పక్కింటివాళ్లు తలుపు తోశారు.

సంతాప సభ బడి హాల్లోనే పెట్టారు. పటానికి దండ, మైకు, శాలువా. శాలువా ఎందుకో ఎవరికీ తెలియదు, తెచ్చారు కాబట్టి పటానికి కప్పారు. బతికుండగా ఆమె మీటింగుకు వస్తుంటే ఫోన్లు చూసుకున్నవాళ్లు, ఆమె మాట తమకు దారి చూపిందని చెప్పారు. మా నాయన కూడా వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు, బొట్టు చెరుపుకోకుండానే. చివరగా కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నారు.

“ఆఖరి సంవత్సరం ఆరోగ్యం బాగలేక మేడమ్ ఆరాధనకు రాలేకపోయినా, ప్రభువు ఆమె పాత సేవను గుర్తుపెట్టుకుంటాడు.”

ఆయన ముందు ఆ పొడుగాటి పుస్తకం ఉంది. ఏడాదంతా ఆమె పేరు ఎదురుగా ఖాళీ. ఆయన మనవడు ఆ ఏడాదంతా ఆమె ఒడిలో పాలు కక్కాడు. నేను లేచాను.

“మరి ఆ పిల్లల్ని ఏడాదిగా చూసుకున్నదెవరు సార్?”

“అది వేరే విషయం తల్లీ,” అన్నారు ఆయన, చాలా మెత్తగా. తర్వాత టీ ఇచ్చారు.

ఆదివారం నేను పెందలాడే చర్చికి వెళ్లాను. కుదురు లేనిదాన్నని తెలుసు. కానీ మూడు ఆదివారాలేగా, ఆ మాత్రం రేకుల కింద కూర్చోగలను. రూతమ్మ ఊడ్చేసి, చీపురు గోడకు ఆనించి, కెజియా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. చాప పరిచి లేదు. చాప ఎక్కడుందని అడిగాను.

“వద్దు పాపా. టీచరమ్మ కూర్సున్నాదంటే అది ఆయమ్మ మనసు. ఇంగ ఎవుర్నీ నా కోసరం ఆడ కూర్సోబెట్టను. ఎవురి బిడ్డల్ని వాళ్లు సూసుకోనీ.”

నాకు భయమేసింది. ఈ మూడు ఆదివారాలూ అయ్యేదాకా ఎవరితో గొడవ పెట్టుకోవద్దని చెప్పబోయాను. ఆమె అప్పటికే లోపలికి నడిచింది. మొదటి బెంచీలో, కిటికీ పక్కన కూర్చుంది. కెజియా ఆమె పక్కన.

తల్లులు వచ్చారు. రేకుల కింద ఎవరూ లేకపోవడం చూసి కాసేపు నిలబడ్డారు. చేసేదేం లేక పిల్లల్ని చంకనేసుకుని లోపలికి వచ్చారు. అయ్యగారు ప్రసంగం ఎత్తుకోగానే ఒకడు ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకతె. కార్యదర్శిగారి మనవడు మైకు తీగ పట్టుకుని లాగితే మైకు కీచుమని అరిచింది. ప్రేమ గురించి అయ్యగారు ఏదో అంటున్నారు, రెండో బెంచీ దాటి వినబడటం లేదు. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత అందరూ ఒక్క వైపే చూశారు. మొదటి బెంచీలో రూతమ్మ వీపు.

కార్యదర్శిగారి భార్య ముందుకు వంగి ఆమె భుజం తట్టింది. “రూతమ్మా, పిల్లలు.”

“ఆఁ మేడమ్,” అంది రూతమ్మ తల తిప్పకుండా. “వినపడతాండాది.”

కదల్లేదు. లేవమని గట్టిగా చెప్పడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. చెబితే ఆరాధన మధ్యలో ఒకరిని బయటికి పంపినట్టవుతుంది, పుస్తకంలో దానికి గడి లేదు.

చివరి పాట అయ్యాక పుస్తకం వచ్చింది. ముందు ఆమెకే. కార్యదర్శిగారు బెంచీ కింద దూరిన మనవణ్ణి లాగడానికి నేల మీద మోకాళ్లూ చేతులూ ఆనించి వంగి ఉన్నారు. రూతమ్మ పుస్తకం ఒళ్లో పరిచి, మడత చేత్తో నొక్కి, కలం పట్టుకుంది. ఆమెకు తొందరగా రాయడం రాదు. ఒక్కో అక్షరం గీసి, ఆగి, చూసుకుని, మళ్లీ గీస్తోంది. వెనక బెంచీల్లోంచి పుస్తకం కోసం చేతులు చాచారు, ఆ చేతుల్లో పిల్లలు ఏడుస్తున్నారు. ఆమె తలెత్తకుండా రాస్తూ ఉంది.