నల్లా మామ లేస్తేనే గోల్

ఆ రోజుల్లో మా టీము ఒక మ్యాచ్ గెలవాలంటే మైదానంలో పదకొండు మంది ఆడితే సరిపోయేది కాదు. గ్యాలరీలో కూర్చున్న మేము చెయ్యాల్సిన పనులు వేరే ఉండేవి. ఒకడు కిందటిసారి గెలిచిన రోజు వేసుకున్న చొక్కానే ఉతక్కుండా వేసుకొచ్చేవాడు. ఇంకొకడు హాఫ్‌టైమ్ దాకా పల్లీలు ముట్టేవాడు కాదు, పక్కవాడిని ముట్టనిచ్చేవాడూ కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పటి మా పాతబస్తీ కుర్రకారుకు ఇవి నవ్వుకునే సంగతులు కావు. వీటన్నిటిలోకీ గట్టి నమ్మకాన్ని పుట్టించిన ఘనుణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, బస్సు డిపోలో అప్రెంటిస్‌గా చేరి ఆరు నెలలు. నోరు మాత్రం పుట్టినప్పటినుంచీ డ్యూటీలోనే ఉంది.

మా మేనమామకు నీళ్ళ శాఖలో వాల్వు తిప్పే ఉద్యోగం. కుళాయిని మేము నల్లా అంటాం కాబట్టి మొహల్లా అంతటికీ ఆయన నల్లా మామ. సాయంత్రం సరిగ్గా ఆరింటికి ఆయన వెళ్ళి, నడుమెత్తు ఇనుప తాళంచెవిని, మా మాటలో చావిని, రోడ్డు మీది గుంతలోకి దింపి తిప్పితేనే మా గల్లీల్లో నీళ్ళొచ్చేవి. అయిదు నిమిషాలు ఆలస్యమైందా, వరసలో బిందెలు మాత్రమే మిగిలేవి, బిందెల తాలూకు ఆడవాళ్ళంతా మామ ఇంటి ముందుండేవారు. అందుకని ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఆ మనిషి ఏ మ్యాచూ చివరిదాకా చూసి ఎరగడు. ఆట ఇంకా పది నిమిషాలుందనగా నిట్టూర్చి లేచి, ఖాకీ ప్యాంటు వెనక దులుపుకొని, సైకిల్‌కు కట్టిన చావి గలగలలాడుతుండగా వెళ్ళిపోయేవాడు.

మామ కొడుకు, అంటే మా బావ, మా మొహల్లా టీములోనే ఆడేవాడు. పగలు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో తానులు కొలిచే పని. మనిషి గుర్రంలా ఉరికేవాడు గాని కంగారు జాస్తి, అందుకని కోచ్ సాబ్ అతణ్ణి ఆఖరి పది నిమిషాలకే దింపేవాడు. గ్యాలరీ అతనికి ‘దస్ మినట్’ అని పేరు పెట్టింది. తండ్రి లేచే వేళకే కొడుకూ లేచేవాడు, ఆయన గేటు వైపు, ఇతను మైదానం వైపు. అలా మూడేళ్ళయినా మామ కొడుకు ఆట ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటికొచ్చాక “ఎట్ల ఆడినవ్ రా?” అని అడిగేవాడు, బావ “మంచిగనే ఆడిన బాపు” అనేవాడు, అక్కడితో సరి.

ఆ ఏడాది మూడు మ్యాచుల్లో మా గోల్సన్నీ మామ లేచి వెళ్ళిన తరవాతే పడ్డాయి. ఈ సంగతి కనిపెట్టింది నేను. కనిపెట్టి ఊరుకున్నానా? ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే చూడీల భాయ్ చెవిలో వేశాను. (ఆయన చెవిలో వేస్తే చార్మినార్ మీదికెక్కి చాటినట్టే.) నాలుగో మ్యాచ్ నాటికి ఆట అరగంట మిగిలి ఉండగానే జనం మామ వైపు తిరిగి చూడటం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే మైదానంలోకి అలసిపోని కాళ్ళు రెండు కొత్తగా వస్తున్నాయన్న ముక్క మాలో ఒక్కడికీ తట్టలేదు. బావక్కూడా తట్టలేదు.

ఇక ఫైనల్. మూసీకి అవతలి ఒడ్డు టీముతో. ఆ రోజు మామ ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని, నుదుట బొట్టు పెట్టుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు కాబట్టి ఏదో తక్కువైందని నాకు తెలుస్తూనే ఉంది గాని, ఏమిటో గ్యాలరీలో కూర్చున్నాక చూడీల భాయ్ అడిగేదాకా అర్థం కాలేదు.

“మామూ, ఆజ్ చావీ కిధర్?”

“చావి ఇయ్యాల నా జోడీదారుకు ఇచ్చి వచ్చిన భాయ్. నల్లాలు ఆయన ఇడుస్తడు. రెండు ఆదివారాలు ఆయన డ్యూటీ నేను చేస్త అని ఒప్పించిన.” మామ ముఖం వెలిగిపోతోంది. “ఇయ్యాల ఆఖరుదాంక కూసుంట. మావోని ఆట చూడాలె.”

చూడీల భాయ్ ముఖంలో నెత్తురు లేదు. ఆయన నా వైపు చూశాడు. నేను పల్లీల పొట్లం వైపు చూశాను.

ఆట మొదలైంది. ఎంతసేపటికీ గోల్ లేదు. వాళ్ళు మా పోస్టుకు రెండుసార్లు బంతి తగిలించారు, మావాళ్ళు ఆ పాటి కూడా చెయ్యలేదు. హాఫ్‌టైమ్ అయింది, పల్లీలు ముట్టని నియమమూ గడిచింది. ఇంకా పదిహేను నిమిషాలుందనగా మా చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. చివరికి చూడీల భాయ్ మామ ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాడు.

“మామూ, బురా నక్కో మానో. మీరు లేస్తేనే గోల్ పడ్తది. ఇది నా మాట కాదు, సబ్ లోగా బోల్‌రైఁ, అందరి మాట.”

“ఎవడన్నడు గా మాట?” అన్నాడు మామ.

ఎవడూ నా పేరు చెప్పలేదు. అందరూ నా వైపు చూశారంతే. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది గాని, గ్యాలరీ చెక్కలు కూడా చీలలేదు.

“ఏందిరా అల్లుడా గిది?” అన్నాడు మామ. కోపంగా అనలేదు, అదే నాకు కష్టమైంది. “మూడేండ్ల సంది వాడు ఆడుతుండంటరు. నేను ఒక్కనాడన్న చూసిన్నా? ఇయ్యాల్నన్న చూడనియ్యరా?”

కింద గీత పక్కన బావ అప్పుడే బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు, ఇంకాసేపట్లో దిగుతాడు. మామ అతన్ని చూశాడు. తరవాత వెనక్కి తిరిగి, రెండు వందల మంది మావాళ్ళను చూశాడు. ఆయన నల్లా విప్పితే నీళ్ళు తాగేవాళ్ళే అందరూ. చివరికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, అలవాటు ప్రకారం ప్యాంటు దులుపుకున్నాడు.

“పోతున్న తియ్. గెలుసుకోండి.”

గ్యాలరీ అంతా చప్పట్లు కొట్టింది. ఉన్న చోటు నుంచి పొమ్మనిపించుకుని, పైగా చప్పట్లు కొట్టించుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. సిగ్గు ముంచుకొచ్చి నేనూ ఆయన వెనకే బయటికి నడిచాను.

సైకిల్ స్టాండు గ్రౌండు గోడకు ఆనుకునే ఉండేది. మామ సైకిల్ తీసుకోవడానికి వెళ్ళి, దాని పక్కనే నిలబడిపోయాడు. లోపల హోరు లేచింది. బావ దిగినట్టున్నాడు, “దస్ మినట్! దస్ మినట్!” అని అరుపులు. మామ గోడ వైపు చూశాడు, సైకిల్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“అల్లుడా, నేను గేటు బయట ఉన్ననా లేదా?”

“ఉన్నవు మామా.”

“అంటే నేను పోయినట్టేనా కాదా?”

“పోయినట్టే మామా.”

“గంతే. సైకిల్ పట్టు.”

యాభై దాటిన మనిషి చెప్పులు విడిచి, క్యారియర్ మీదికెక్కి, అక్కణ్ణుంచి సీటు మీద కాలు పెట్టి గోడ అంచు పట్టుకున్నాడు. నేను సైకిల్‌ను కావలించుకుని నిలబడ్డాను. నాకు కనబడేది ఆయన మడమలు మాత్రమే. ఆ రోజు ఫైనల్ సంగతి నాకేమైనా తెలిసిందంటే అది ఆ మడమల వల్లనే. “వచ్చిండు వచ్చిండు” అన్నప్పుడు రెండూ పైకి లేచాయి. “అరెరె, ఇద్దర్ని దాటిండు రా!” అన్నప్పుడు ఒకటే సీటు మీద ఉంది. “వాడొక్కడే ఉన్నడు, గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నడు” అని, ఇక ఆపుకోలేక, వాల్వు గుంతలోంచి అవతలి గల్లీకి కేక వేసే గొంతుతో అరిచాడు.

“కొట్టు బిడ్డా!”

ఆ గొంతు బావకు తెలియదా? సరిగ్గా తన్నే క్షణంలో తల ఎత్తి గోడ వైపు చూశాడు. బంతి పోస్టు మీదినుంచి, గోడ మీదినుంచి, మా నెత్తిమీదినుంచి వచ్చి సైకిళ్ళ వరస చివర పడింది. మొదటి సైకిల్ రెండోదాని మీద ఒరిగింది, రెండోది మూడోదాని మీద, అలా ఒకటొకటే కూలుతూ మా దాకా వచ్చింది. మామ నా మీద పడ్డాడు. నీళ్ళ శాఖ బరువెంతో నాకు ఆనాడే తెలిసింది.

మేము లేచేలోగా ఎవరో బంతి లోపలికి విసిరారు. అవతలి ఒడ్డు వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి నేరుగా మా గోల్‌లో వేశారు. కప్పు మూసీ దాటిపోయింది.

ఏ మ్యాచ్‌కైనా అందరికంటే ముందు ఇల్లు చేరే నల్లా మామ ఆనాడు అందరికంటే వెనక బయల్దేరాడు. ఆయన సైకిల్ చక్రం వంకరపోయింది. బావ తల వంచుకుని వచ్చి సైకిల్ వెనక భాగం ఎత్తి పట్టుకున్నాడు. ముగ్గురం నడుస్తున్నాం. గల్లీ మలుపు దగ్గర బావ అడిగాడు.

“చూసినవా బాపు?”

“చూసిన.”

“పోయింది గద.”

“పోతే పోయింది తియ్.” మామ చెయ్యి గాల్లోకి ఎత్తి చూపించాడు. “ఎంత ఎత్తు కొట్టినవ్ రా! గోడ దాటిచ్చినవ్. నేను ఎన్నడు చూడలే గసొంటిది.”

బావ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, మోకాలి దెబ్బ వల్ల అని చెప్పాను.

మర్నాడు ఇరానీ హోటల్లో ఓటమికి కారణాలు తేల్చారు. నల్లా మామ రెండు నిమిషాలు ఆలస్యంగా లేచాడు, అదీ తీర్పు. గోడ మీద తలకాయ సంగతి అక్కడున్నవాళ్ళలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా జన్మలో మొదటిసారి చాయ్ చల్లారేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను.

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇనుప చావి ఇప్పుడు బావ ఇంట్లో తలుపు మూల ఉంది. నేను డెబ్బై దాటాను, నమ్మకాలన్నీ మూఢమని మనవలకు చెబుతుంటాను. కాని టీవీలో మ్యాచ్ ఆఖరి పది నిమిషాలకు వచ్చి, మనవాళ్ళకింకా గోల్ పడకపోతే మాత్రం నా ప్రమేయం లేకుండానే లేచి, ప్యాంటు దులుపుకుని, పక్క గదిలోకి వెళ్ళిపోతాను. కాసేపటికి తలుపు కర్టెన్ కొద్దిగా పక్కకు జరుగుతుంది. “మళ్ళ తొంగి చూస్తున్నవా?” అని నవ్వుతుంది మా ఆవిడ. ఆవిడ మామ కూతురే, అందుకని ఆవిడకు నా జవాబు ముందే తెలుసు.

“నేను బయట ఉన్ననా లేదా?”